ముసలి కుక్క ముద్ద ముట్టనప్పుడు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు డి.ఏ. గురించి, వైద్య బిల్లుల గురించి చెప్పవలసిందంతా చెప్పేశారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ కుక్క సంగతి చెప్పండి" అన్నారు. నవ్వకండి. మన పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కలు, వాళ్లు ఉద్యోగాలకు ఎగిరిపోయాక, మన దగ్గరే ఉండిపోయాయి. మనతోపాటే ముసలివయ్యాయి.

మాది ఊరకుక్క. పేరు రాజు. 2011 వానాకాలంలో మా ఆవిడ చూరు కింద వణుకుతున్న పిల్లను తెచ్చి పెంచింది. పన్నెండేళ్లు ఆమె కలిపిన అన్నమే తిన్నాడు. 2023 ఆషాఢంలో ఆమె కాలం చేసింది. కర్మ పూర్తయిన దగ్గర్నుంచీ వాడు గిన్నె దగ్గరికి రావడం, ఓ ముద్ద నోట పెట్టుకోవడం, కింద వదిలేయడం. ఎదురింటి హెడ్మాస్టరుగారు "చెల్లెమ్మ మీద బెంగండీ బావగారూ" అన్నారు. అందరూ అదే అన్నారు. నేనూ నమ్మాను. ఉన్నమాట చెప్పాలంటే, ఆ మాట నాకు నచ్చింది. ఇంట్లో నాతోపాటు దుఃఖపడేవాడు ఇంకొకడున్నాడనిపించింది. అందుకే డాక్టరుకు చూపించలేదు. ఆరు వారాలు గడిచిపోయాయి. ముప్ఫయ్యారేళ్ల సర్వీసులో ఏ కాగితమూ నా బల్ల మీద అన్నాళ్లు పెండింగు పడలేదు.

అమ్మాయి వచ్చి వాడి వీపు తడిమి "నాన్నా, ఎముకలు చేతికి తగులుతున్నాయి. చూస్తూ ఎలా కూర్చున్నావు?" అని ఆ పూటే ఆటో పిలిచింది. పశువుల ఆసుపత్రిలో ఉన్న చిన్న డాక్టరమ్మ వాడి పైపెదవి ఎత్తి చూపించింది. వెనక పెద్ద పన్ను నిలువునా చీలి, చీము పట్టి ఉంది. కంటి కింద కాస్త వాపు కూడా ఉంది. అది నేను రోజూ చూస్తున్నదే. "తాతగారూ, వీడికి బెంగ ఉందో లేదో నేను చెప్పలేను. పంటి నొప్పి మాత్రం ఉంది. బొమికలు వేస్తారా?" అని అడిగింది. ప్రతి ఆదివారం మటన్ బొమికలు తెచ్చి ముద్దుగా వేసింది నేనే.

రక్తపరీక్షలో మూత్రపిండాలు కూడా కొంచెం దెబ్బతిన్నట్టు తేలింది. మత్తిచ్చి పన్ను తీశారు. ఐదో రోజుకు మెత్తని అన్నం గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాడు.

కనుక నేను విన్నవించేది ఒకటే. ముసలి కుక్క తిండి మానితే పొగరనీ, బెంగనీ, వయసనీ మనమే తీర్పు రాయకూడదు. ఎలా మానిందో చూడాలి. ఆశగా వచ్చి, నోట పెట్టుకుని వదిలేసినా, ఒక పక్కనే నమిలినా నోటిలో నొప్పి ఉండవచ్చు. వాసన చూసి మొహం తిప్పుకుని, పెదాలు నాక్కుంటూ గుటకలు వేస్తే కడుపులో తిప్పుతోందేమో. నీళ్లు మామూలు కంటె ఎక్కువ తాగి, మాటిమాటికీ మూత్రానికి పోతుంటే మూత్రపిండాలో, చక్కెర వ్యాధో చూపించాలి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాటికి వాయిదా వేయకండి. వాంతులుంటే ఆ రోజు కూడా ఆగవద్దు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల దగ్గర్లో ఉన్నవారికి అక్కడి ఆసుపత్రులున్నాయి.

జబ్బు తేలాక తిండి సంగతి. కుక్కకు రుచి కంటె వాసన ముఖ్యం. వయసు మీదపడితే ఆ ముక్కూ మందగిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి అన్నానికి వాసనేముంటుంది? గోరువెచ్చగా చేసి పెడతాను. ముందు నా వేలు ముంచి చూస్తాను, నోరు కాలకూడదు కదా. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు లేకుండా ఉడికించి చిదిమిన కోడిమాంసం, ఆ ఉడికిన నీళ్లు. మూత్రపిండాల సంగతి చూసి మాంసం ఎంత వేయాలో డాక్టరమ్మే చెప్పింది. గుడ్డులో పచ్చసొన తీసేయమంది. ఇది మా వాడికి చెప్పిన మాట, మీ వాడికి వేరే చెప్పవచ్చు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు ఒక గరిటె కూడా వద్దు. అవి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. మనకు కీళ్లనొప్పులకు ఇచ్చిన మాత్రలు జాలిపడి దానికి వేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.

రెండు పూటల తిండిని నాలుగు చేశాను. మెడ వంచడం కష్టమని గిన్నెను పీట మీద పెట్టాను. నేల జారకుండా పాత గోనెపట్టా పరిచాను. పావుగంటలో తినకపోతే మాట్లాడకుండా తీసేస్తాను. మొదట్లో నేను బతిమాలేవాణ్ణి, నోట్లో కుక్కేవాణ్ణి. దాంతో గిన్నె చప్పుడు వింటేనే మంచం కిందికి పోయేవాడు. చేదు మాత్ర పొడిచేసి అన్నమంతటా కలిపి ఇంకో తప్పు చేశాను. రెండు రోజులు ఆ అన్నం మొహం చూడలేదు. ఇప్పుడు మాత్రను చిన్న ముద్దలో వేరుగా పెడతాను.

గుమాస్తా బుద్ధి పోతుందా? రిజిస్టరు తెరిచాను. తేదీ, వేళ, ఏం పెట్టాను, ఎంత తిన్నాడు, విరేచనం ఎలా ఉంది, రిమార్కులు. నెలకోసారి పాలబ్బాయి వాణ్ణెత్తుకుని బరువు మిషను ఎక్కుతాడు. తర్వాత ఒక్కడే ఎక్కుతాడు. తేడా రాజు బరువు. పన్ను తీసినప్పుడు పదమూడున్నర కిలోలు. మొన్న పదిహేను. ఆ రిజిస్టరు చూసి డాక్టరమ్మ "మా ఆఫీసులో కూడా ఇంత శుభ్రంగా లేదు తాతగారూ" అంది. సర్వీసులో రాని మెచ్చుకోలు అది.

బెంగ లేదని నేననను. సాయంత్రం వేళ ఇప్పటికీ వంటింటి గడపలో తల పెట్టుకుని పడుకుంటాడు. నేను పక్కన పీట వేసుకుని కూర్చుంటే నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు. రిమార్కుల గడిలో అదీ రాశాను.

ఐదు కావస్తోంది. వాడి మూడో ముద్ద వేళ. అధ్యక్షులవారు అనుమతిస్తే, టీకి ఆగకుండా సెలవు తీసుకుంటాను.