హిమమునకు వెఱవని తీగగులాబి

శీతకాలమున నేల రాయివలె గడ్డకట్టు కెనడా దేశమున, ఒట్టావా ప్రయోగక్షేత్రమందు ఫెలిసిటాస్ స్వెయ్డా అను విదుషీమణి సృష్టించిన తీగగులాబులలో 1983లో వెలువడిన 'విలియం బాఫిన్' మంచునకు తలవంచనిది. దానికి వంశమూలమైన కోర్డెసీ గులాబియో, గొడ్డుపొద యని తలఁచిన 'మాక్స్ గ్రాఫ్' నుండి జర్మనీలో లభించిన కొలది విత్తుల ఫలము.

అట్టి తీగను విత్తునుండి పెంపఁగోరువారు, శరత్తున ఎఱ్ఱబారిన కాయను చీల్చి, గుజ్జును, గింజల నంటియున్న నూగును (అది చేతికి దురద పెట్టును సుమా!) కడిగివైచి, తడియిసుకలో కలిపి, రిఫ్రిజిరేటరునందు 4 డిగ్రీల చలిలో 2, 3 నెలలుంచవలయును, చలి తగులక ఆ గింజ నిద్ర మేల్కొనదు. మొలకలు తల్లి పోలికనే తెచ్చునన్న నమ్మకము లేదు. కావున తొలి హేమంతమున వానిని కప్పక విడిచి, బ్రతికినవానినే పందిరికెక్కించుట నా మతము.