బీపీకి లేజర్ ఆక్యుపంక్చర్: ఊళ్లె అమ్మకు పైసలు పంపే ముందు

నేను దోహాలో బిల్డింగ్ సైట్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ చదివినోణ్ని, డాక్టర్ని కాదు. ఈ మధ్య మా క్యాంపుల ముగ్గురు నలుగురు ఒకటే అడుగుతున్నరు: "అన్నా, అమ్మకు బీపీ ఉంది. సూది లేకుండ లేజర్‌తోని ఆక్యుపంక్చర్ చేస్తరట, పంపాల్నా?" నాకు తెలిసింది చెప్త.

ఆక్యుపంక్చర్ చైనా వాళ్ల పాత వైద్యం. ఒంటి మీద కొన్ని చోట్ల సన్న సూదులు గుచ్చుతరు. లేజర్ పద్ధతిల పెన్ను లాంటి దాంతోని అవే చోట్ల కాంతి వేస్తరు. మోచేతి మడత దగ్గర, మోకాలి కింద, బొటనవేలుకు చూపుడువేలుకు మధ్య. నొప్పి లేదు, రక్తం రాదు. సూదికి భయపడే పెద్దమనుషులకు అందుకే నచ్చుతది.

మనం సైట్ల లెవెల్ చూసే లేజర్ మీద స్టిక్కర్ ఉంటది కదా, ఎక్కువగా క్లాస్ 2. అంటే 1 మిల్లీవాట్ లోపు. వైద్యానికి వాడేవి చాలావరకు క్లాస్ 3బి, 5 నుంచి 500 మిల్లీవాట్ల దాకా. కండ్లకు దానికి తగ్గ అద్దాలు పెట్టకుండ ఎవరన్నా ఆన్ చేస్తే అమ్మను లేచి రమ్మనుండ్రి.

ఇగ బీపీ తగ్గుతదా అంటే, సూదులతోని పెద్ద పరీక్షలే జరిగినయి. జర్మనీల 160 మంది మీద చేసింది 2007ల అచ్చయింది. ఆరు వారాలల్ల 22 సార్లు గుచ్చితే పై అంకె సగటున 5 చిల్లర తగ్గింది. ఆపేసినంక మూడు నెలలకు చూస్తే మళ్ల మొదటికే వచ్చింది. అమెరికాల 192 మందితోని చేసినదాంట్ల (2006) ఉత్తుత్తి సూదులకు, అసలు సూదులకు తేడానే కనబడలేదు. లేజర్ మీద జరిగినవి వీటికన్నా చిన్నవి.

మరి సిట్టింగ్ అయినంక మిషన్ల తక్కువ చూపిస్తది కదా అంటరు. ఇరవై నిమిషాలు చల్లటి గదిల పడుకోబెట్టి, ఎవరూ మాట్లాడియ్యకపోతే మీకూ నాకూ గూడ తగ్గుతది! రేపు పొద్దున చాయ్ తాగకముందు ఎంతుందో చూడాలె.

నా భయం లేజర్ గురించి కాదు, గోలీల గురించి. మా అమ్మతోని ఒకాయన పది సిట్టింగులకు పన్నెండు వేలు, తర్వాత గోలీలు బంద్ చెయ్యొచ్చు అన్నడట. ముట్లు ఆగినంక ఆడవాళ్లకు బీపీ పెరుగుడు ఎక్కువ, వయసుతోని నరాలు గట్టిపడతయి. తల నొయ్యదు, ఏం తెల్వదు, ఒక్కరోజు పక్షవాతం వస్తది. అప్పుడు మనం ఇక్కడ టికెట్ అనుకుంట తిరగాలె.

అమ్మకు ఒకటే చెప్పిన: "లేజర్‌కు పోతే పో, గోలీ మాత్రం డాక్టర్ చెప్పకుండ ఆపకు." "గోలీ ఎట్లనో మింగుడే అయితే ఇగ లేజర్ ఎందుకురా బిడ్డా" అన్నది. ఆ పైసలల్ల కొంత పెట్టి చేతికి కట్టే బీపీ మిషన్ కొనిచ్చిన.

చూసుకునే పద్ధతి గూడ చెప్పుండ్రి. ఐదు నిమిషాలు కుర్చీల ఒరిగి కూసోవాలె, కాళ్లు నేలకు ఆనాలె, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలె. ఆ టైంల ఫోన్ల మాట్లాడొద్దు, మనతోని గూడ. అంకెలు రాసి సర్కారు దవాఖానల చూపిస్తే గోలీలు అక్కడనే ఇస్తరు. వచ్చే శుక్రవారం షుగర్ గురించి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్ పెట్టుండ్రి.