ఆటగాడి చొక్కా మీద కథ



క్రీడా దుస్తులు తయారుచేసే ఒక సంస్థలో మీకు బొమ్మలు గీసే ఉద్యోగం వచ్చిందనుకోండి. మొదటి రోజే ఒక పని అప్పగిస్తారు: "ఈ జట్టు కథ టీ షర్టు మీద కనిపించాలి." మీకున్న స్థలం ఛాతీ మీద జానెడున్నర. చూసేవారు ఇచ్చే సమయం రెండు మూడు క్షణాలు. ఏం గీస్తారు? దీనికి జవాబు వెతకడమే ఈనాటి మన పాఠం.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక పాఠశాలలో కబడ్డీ జట్టు చొక్కాకు బొమ్మ గీసే బాధ్యత నా మీద పడింది. దీపం, పుస్తకం, సూర్యుడు, పావురం, కూతకు వెళ్ళే ఆటగాడు, కింద ఒక నీతివాక్యం - అన్నీ పెట్టాను. కాగితం మీద ముచ్చటగానే ఉంది. మైదానంలో 20 మీటర్ల దూరం నుంచి చూస్తే మాత్రం చొక్కాకు ఏదో మరక అంటినట్టుంది. "మాస్టారూ, అదేమిటండీ?" అని ఒక పిల్లవాడు అడిగాడు. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, లెక్క ముందే వేసుకోవలసింది.

ఆ లెక్క ఇది. ఆరోగ్యమైన కన్ను రెండు బిందువులను విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య దూరం కంటి దగ్గర కనీసం ఒక నిమిషం కోణం, అంటే డిగ్రీలో 60వ వంతు, చెయ్యాలి. 20 మీటర్ల దూరంలో ఇది సుమారు 6 మిల్లీమీటర్లు. అంతకంటే దగ్గరగా ఉన్న గీతలు కలిసిపోతాయి. కంటి వైద్యుల పటంలో స్పష్టంగా చదవగల అతి చిన్న అక్షరం ఎత్తు ఇలాంటి ఐదు నిమిషాల కోణం. కాబట్టి అంత దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు 3 సెంటీమీటర్లయినా ఉండాలి. ఒత్తులు, గుడులు ఉన్న మన తెలుగు అక్షరాలకు ఇంకా ఎక్కువే కావాలి.

మరి కొద్ది గీతలతో కథ చెప్పడం సాధ్యమేనా? సాధ్యమే. ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని ముఖ్యులు నలుగురు లిథువేనియా వారు. 1990 మార్చిలో లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1991 జనవరిలో రాజధాని విల్నియస్‌లో సోవియట్ సైన్యం చర్యలో పౌరులు ప్రాణాలు కోల్పోయారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నాటికి దేశం స్వతంత్రమైంది, కాని జట్టును పంపడానికి డబ్బు లేదు. అమెరికాలో ఆడుతున్న షరూనస్ మార్చ్యులియోనిస్ విరాళాలు పోగుచేస్తున్న సంగతి గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందానికి తెలిసింది. వారు సాయం చేశారు. రంగురంగుల టీ షర్టులు కూడా అందాయి.

వాటి మీది బొమ్మను న్యూయార్క్ చిత్రకారుడు గ్రెగ్ స్పియర్స్ గీశాడు. లిథువేనియా జెండా రంగులైన పసుపు, ఆకుపచ్చ, ఎరుపు అద్దకం మీద ఒక అస్థిపంజరం ఎగిరి బంతిని బుట్టలో వేస్తోంది. అంతే! చచ్చిపోయిందనుకున్న దేశం లేచి ఎగిరిందన్న భావం ఒక్క కదలికలో వచ్చేసింది. కాంస్య పతకం కోసం జరిగిన ఆటలో లిథువేనియా 82-78 తేడాతో గెలిచింది. ఓడింది మాజీ సోవియట్ రాజ్యాల ఉమ్మడి జట్టు! పతక వేదిక మీదికి ఆటగాళ్ళు ఆ చొక్కాలతోనే ఎక్కారు.

దీన్ని మన శ్రీకాళహస్తి కలంకారీతో పోల్చి చూడండి. అక్కడా వస్త్రం కథ చెబుతుంది. కాని ఆ వస్త్రం గోడమీద కదలకుండా ఉంటుంది. మనం నిలబడి గడి తరువాత గడి చదువుకుంటాం. చొక్కా తొడుక్కున్న మనిషి పరుగెత్తుతుంటాడు. అందుకని అతని మీద రామాయణమంతా పట్టదు, ఒక్క ఘట్టమే పడుతుంది. ఆ ఘట్టం ఎంచుకోవడంలోనే నేర్పు ఉంది.

ముద్రణ విధానం కూడా ఈ పొదుపునే కోరుతుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో చట్రానికి సన్నని వల బిగించి, దానికి కాంతి తగిలితే గట్టిపడే పూత పూస్తారు. బొమ్మ ఉన్నచోట కాంతి పడకుండా అడ్డుపెడతారు. అక్కడి పూత నీటితో కడిగితే పోతుంది. ఆ రంధ్రాల గుండానే రంగు బట్టమీదికి దిగుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చట్రం కావాలి. ఆరు రంగులంటే ఆరు చట్రాలు. ఖర్చూ పెరుగుతుంది, ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోకపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

చివరగా ఒక మాట. ఆ అస్థిపంజరానికి బలం చిత్రకారుడి కుంచె నుంచి మాత్రమే రాలేదు. ఆటగాళ్ళు ఆ కథను నిజంగా అనుభవించారు. జరగని కథను ఏ బొమ్మా చెప్పలేదు. ప్రతి చొక్కా మీదా "ధైర్యం", "విజయం" అని అచ్చు వేస్తే అది ఎవరి కథా కాదు.

అందుచేత మీ పాఠశాల జట్టుకు చొక్కా రూపొందించే ముందు పెన్సిలు పక్కన పెట్టి ఆటగాళ్ళ దగ్గరకు వెళ్ళండి. మీకు ఏం జరిగింది, ఏది దాటి వచ్చారు అని అడగండి. వారు చెప్పినదాంట్లో ఒక్క కదలికను ఎంచుకోండి. రెండు మూడు రంగుల్లో గీయండి. ఇతరుల బొమ్మ వాడితే అనుమతి తీసుకోండి. తరువాత ఆ కాగితాన్ని గోడకు అంటించి 20 మీటర్లు వెనక్కి నడిచి, కథ తెలియని స్నేహితుణ్ణి పిలిచి "ఏం కనిపిస్తోంది?" అని అడగండి. అతని జవాబే మీ పరీక్షా ఫలితం.