ఇద్దరి తిండి



“వట్టి మనిషివి కాదు, ఇద్దరి తిండి తినాలి” – ఈ మాట విననివాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి? నెల తప్పిందని తెలియగానే అమ్మ నెయ్యి గిన్నె ముందుకు జరుపుతుంది, అత్తగారు సున్నుండల డబ్బా దించుతారు. పిల్ల ఒళ్ళు చేస్తే “నిండుగా ఉంది” అని మురిసిపోతాం.

ఒకప్పుడు ఆ మాటకు అర్థం ఉండేది. మా పరవాడలో కడుపుతో ఉన్న కోడలు కూడా ఊడ్పులకు వెళ్ళేది, నూతినీళ్ళు మోసేది, పొద్దున్నే చోడి అంబలి తాగేది. తిన్నది తిన్నట్టే కరిగిపోయేది. 2002లో సింహాద్రి థర్మల్ కేంద్రం మొదలైంది, తర్వాత ఫార్మాసిటీ, క్వార్టర్లు, అపార్టుమెంట్లు. గ్యాసు, మిక్సీ, లిఫ్టు అన్నీ వచ్చాయి గానీ, తిండి దగ్గర మాత్రం పాత మాటే ఉండిపోయింది!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నారు. సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని కూడా అదే సర్వే చెప్పింది. ఒళ్ళున్నంత మాత్రాన రక్తం ఉన్నట్టు కాదన్నమాట. మన దేశపు డాక్టర్ల లెక్కలో ఐదడుగుల మనిషి 58 కిలోలు దాటితే స్థూలకాయం కిందికే వస్తుంది. వినడానికి కష్టంగా ఉన్నా లెక్క అదే.

ఇలాంటి తల్లికి రక్తపుపోటు, గుర్రపువాతం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, ఆపరేషను కాన్పు, కుట్లు త్వరగా మానకపోవడం – ఈ ప్రమాదాలు ఎక్కువ. కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదమూ పెరుగుతుంది. అన్నిటికన్నా మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది గర్భంలో వచ్చే చక్కెర జబ్బు. తల్లి రక్తంలోని చక్కెర మాయ గుండా బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. అందుచేత బిడ్డే తన ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుంటుంది, ఆ చక్కెరంతా కొవ్వుగా మారి బొద్దుగా పెరుగుతుంది. కాన్పులో భుజాలు పట్టేస్తాయి. బొడ్డు కోయగానే తల్లి చక్కెర ఆగిపోతుంది గానీ బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఉంటుంది. దాంతో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. “నాలుగు కిలోల పిల్లాడు!” అని మనం మిఠాయి పంచుతుంటే, నర్సు వాడి మడమ పొడిచి రక్తం చూస్తుండేది అందుకే.

అలాగని కడుపుతో ఉండగా పస్తులుండి సన్నబడమని కాదు. అది ఇంకో ప్రమాదం. సరైన బరువున్న స్త్రీ నెలలు నిండేసరికి 11.5 నుంచి 16 కిలోలు, బాగా లావుగా ఉన్న స్త్రీ 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలని 2009లో అమెరికా వైద్య నిపుణులు లెక్కకట్టారు. మొదటి మూడు నెలల్లో అదనపు తిండి అవసరం దాదాపు లేదు, ఆ తర్వాతా రోజుకు సుమారు 350 కేలరీలే. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, తోటకూర పెంచండి. తినేవాళ్ళయితే ముత్యాలమ్మపాలెం చేప కూర వండుకోండి, వేపుడు వద్దు. డాక్టరు వద్దనకపోతే సాయంత్రం అరగంట నడవండి.

అత్తగార్లకు ఒక మాట. కోడల్ని నలుగురిలో “గుమ్మడికాయ” అని నవ్వకండి. సిగ్గుపడిన పిల్ల తూకానికి వెళ్ళడం మానేస్తుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, మీరే వెంట తీసుకువెళ్ళండి. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, ఆరో నెల ప్రాంతంలో మరోసారి చేయించాలి.

లావుగా ఉన్న తల్లులకు పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. కంగారుపడి డబ్బాపాలు కలపకుండా బిడ్డకు మాటిమాటికీ రొమ్ము పట్టించండి. గర్భంలో చక్కెర వచ్చినవాళ్ళు కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ రక్తం చూపించుకోవాలి. బిడ్డకు టీకా వేయించడానికి ఎలాగూ వెళ్తారు కదా, ఆ రోజే మీదీ అయిపోతుంది.