జ్వరం ఒక ఫైల్లో, నడుం నొప్పి ఇంకో ఫైల్లో

వైద్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. ముప్పై మూడేళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి. 2022లో నాకు పట్టిన జ్వరం సంగతి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు, చెబుతున్నాను.

సాయంత్రం అయిదు దాటితే ఒళ్లు వెచ్చబడేది. తెల్లారేసరికి బనీను తడిసి ముద్దయ్యేది. ఒక డాక్టరు గారు టైఫాయిడ్ అన్నారు, ఇంకొకరు వైరల్ అన్నారు. మూడు రకాల యాంటీబయాటిక్స్ మింగాను. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది కనుక టీబీ కాదనుకున్నాం. రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. క్యాన్సరేమోనని మా ఆవిడ చాటుగా ఏడ్చేది.

101 డిగ్రీలు దాటిన జ్వరం మూడు వారాలకు మించి ఉండి, పరీక్షల్లోనూ కారణం తేలకపోతే దాన్ని వేరుగా చూడాలని 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికా వైద్యులు లెక్క కట్టారు. మన దేశంలో అందులో ముందు అనుమానించవలసింది టీబీనే. గుండె కవాటాలకు పట్టే ఇన్‌ఫెక్షన్, కడుపులో దాగిన చీముగడ్డ, లింఫోమా, ఒక్కోసారి మనం వేసుకునే మాత్రే కారణం కావచ్చు. పెద్దవయసులో జ్వరంతోపాటు కణతల నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉంటే మాత్రం ఆ రోజే పరుగెత్తండి. అది రక్తనాళాల వాపైతే, ఆలస్యం చేస్తే చూపు పోవచ్చు.

చివరికి మా మనవరాలి ఈడు డాక్టరమ్మ ఒకావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటినుంచి చెప్పమన్నారు. నడుం నొప్పి ఉందా అని అడిగారు. ఉందన్నాను. దానికి ఎముకల డాక్టరు గారి చీటీ వేరే ఉందన్నాను. ఆయనకు జ్వరం సంగతి చెప్పలేదు, జ్వరం చూసినవారికి నొప్పి సంగతి చెప్పలేదు. వయసు నొప్పే కదా అనుకున్నాను. ఒకే విషయం మీద రెండు సెక్షన్లలో రెండు ఫైళ్లు నడిపి, జత చేయని గుమాస్తాను నేనే!

ఎమ్మారైలో వెన్నుపూసల దగ్గర చీము కనబడింది. సూదితో తీసి పరీక్షిస్తే టీబీ. ఊపిరితిత్తులు బాగున్నా వెన్నెముకకు రావచ్చునట. ఇంకా ఆలస్యమైతే కాళ్లు పడిపోయేవేమో అన్నారు.

ఏడాది పైన మందులు వాడాను, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాను. అది మందు రంగేనట, ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి.

ఒక్క విన్నపం. దీర్ఘకాలం జ్వరం ఉంటే, రక్తం కల్చర్‌కు ఇవ్వకముందే సొంతంగా యాంటీబయాటిక్స్ మింగకండి. తర్వాత క్రిమి పట్టుబడటం కష్టం. పూటపూటా జ్వరం చూసి, వేళతో సహా రాసుకోండి. నా నోటుబుక్కు ఈ బల్లమీద పెడుతున్నాను. చూసినవారు దయచేసి తిరిగి ఇవ్వండి.