పెట్టని కోట
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)

 

పరీక్షాఫలితములను గూర్చి కార్యదర్శిగారు నివేదించియే యున్నారు. మార్కుల పట్టికకెక్కని విషయమొకటి మేము మనవి చేయదలచితిమి. అది మన పిల్లల క్షేమము.

బడికి ప్రహరీగోడ వలయును. వాకిట కాపలా వలయును. కాని కీడు ఎల్లప్పుడును గోడ దూకియే రాదు. భారత ప్రభుత్వము 2007లో ప్రకటించిన పరిశీలనలో, పిల్లల యెడ లైంగిక దుర్వర్తనకు ఒడిగట్టినవారిలో సగము మంది ఆ పిల్లలెరిగినవారే యని తేలినది. చాలమంది పిల్లలు ఆ సంగతి ఎవ్వరితోను చెప్పుకొనలేదు. చెప్పుకొనుటకొక మనిషి లేకపోవుటయే పెద్ద అపాయము.

హవాయి దీవులలోని కవాయి ద్వీపమున 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమీ వర్నర్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును నలుబది యేండ్ల వయస్సు వరకు పరిశీలించిరి. దారిద్ర్యము, గృహకలహములు మొదలగు పలు కష్టముల నడుమ పెరిగినవారిలో ఇంచుమించు మూడవవంతు మంది సమర్థులై, దయగల పెద్దలైరి. అట్టివారికి బాల్యమున తల్లియో, తాతయో, అవ్వయో, గురువో, ఎవరో ఒకరు విడువని ఆదరము చూపియుండిరి. ఆ ఆదరమే పిల్లలకు పెట్టని కోట.

ఒడిశాలో తరతరములుగా స్థిరపడిన మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో ఒడియా. భయము పుట్టినపుడు మనసు విప్పునది తల్లిభాషలోనే. కావున ఇంట తెలుగున నాలుగు మాటలాడుట భాషాభిమానము కొరకే కాదు. అయితే ఆపదలో పరులను సాయమడుగుటకు తన పేరును, ఊరును, కష్టమును ఒడియాలో చెప్పుటయు నేర్పవలెను.

బిడ్డ బడినుండి రాగానే "ఎన్ని మార్కులు?" అని కాక, "ఈనాడు ఎవరితో ఆడుకొంటివి?" అని అడుగుడు. కడుపునొప్పియని పదేపదే బడి మానువానిని దండించుటకు ముందు కారణమరయుడు. వాడు జంకుచు చెప్పిన మాటను "పరువు పోవును, ఊరకుండుము" అని అణచకుడు. పోయిన పరువు మరల వచ్చును; బిడ్డ నమ్మకము పోయినచో తెచ్చుకొనుట దుర్లభము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము అట్టి నేరమును ఎరిగియు దాచుట తప్పు. 1098 సంఖ్యకు ఫోను చేసినచో సాయము లభించును.

ఉపాధ్యాయులమైన మాపైననే బిడ్డ ఫిర్యాదు చెప్పినను, మొగమాటము లేక మాకు తెలుపుడు. గురువును గౌరవించుట వేరు. గురువునకు జడిసి మూగయగుట వేరు.

మా వంతుగా, రాబోవు సంవత్సరమునుండి ఒక్కొక్క ఉపాధ్యాయునికి కొద్దిమంది పిల్లల యోగక్షేమములను అప్పగించుచున్నాము. వారు మీ గడపకు వచ్చినపుడు మార్కుల మాట తరువాత, బిడ్డ మాట ముందు మాటాడుడని కోరుచు సెలవు గైకొనుచున్నాము.