కళ నేర్పువానికి భత్యము

పంచాయతీ సభ్యులారా!

గ్రామమున బాలబాలికలకు కోలాటమో, చెక్కభజనయో నేర్పింపదలచి దాతల యొద్దకు పోయినపుడు మనము మొదట అడుగునది దుస్తులకు, దీపాలకు, మైకుకు. నేర్పువాని మాట చివరకు వచ్చును. ఒక్కొక్కప్పుడు రానే రాదు.

ఈ విషయమున అమెరికాలోని ఒక కుటుంబ ధర్మనిధి చేసిన పని తెలిసికొనదగినది. న్యూయార్కు రాష్ట్రమున యాంకర్సు పట్టణమునకు మేయరుగా పనిచేసిన జాన్ ఆండ్రస్ అను వ్యాపారి 1917లో దానిని నెలకొల్పెను. తన యింటిపేరును ఇంగ్లీషున వెనుకనుండి వ్రాసి ‘సర్డ్‌నా’ అని పేరుపెట్టెను! యువజనుల కళాశిక్షణకు గ్రాంట్లిచ్చుటయే గాక, ప్రభుత్వ కళా ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు తమ సొంత సాధన సాగించుకొనుటకును ఈ నిధి కొన్ని సంవత్సరములు ధనసహాయము చేసినది. సాధన మానిన గురువు నిన్నటి పాఠమునే నేడును చెప్పును గదా!

మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము, కంపెనీలు సామాజిక బాధ్యతగా చేయదగు పనులలో సంప్రదాయ కళల అభివృద్ధిని చేర్చినది. కనుక దరఖాస్తు వ్రాయునపుడు గురువు నెలసరి భత్యమును మొదటి పంక్తిలోనే చూపుడు. ఒక్క పండుగకు గాక, కనీసము రెండేండ్లకు అడుగుడు. నాట్లు, కోతల దినములలో పిల్లలు రాకపోవచ్చును. ఆ నెలలకును భత్యము ఆగరాదని అందులోనే వ్రాయుడు.